ఖాతాలోంచి పోతున్న బీమా సొమ్ము ఆపించుకోవడం ఎలా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో మోటారు సైకిళ్ల మరమ్మతు దుకాణం నడుపుకుంటున్నాను. దుకాణం పెట్టకముందు పాతపట్నంలో ఒక గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. అప్పుడు అక్కడి బ్యాంకులో ఒక ఖాతా, తర్వాత ముద్రా రుణం కోసం ఇక్కడి బ్యాంకులో మరో ఖాతా తెరిచాను. ప్రతి ఏడాదీ మే నెలాఖరులో రెండు ఖాతాల్లోంచీ 436 రూపాయలు, 20 రూపాయలు చొప్పున బీమా పేరుతో పోతున్నాయి. ఇవి కాక, ఇక్కడి ఖాతాలోంచి అటల్ పింఛనుకు నెలనెలా 902 రూపాయలు కోస్తున్నారు. అందులో 35 ఏళ్ల వయసులో చేరాను. పోయిన సంవత్సరం బండి మీద నుంచి పడి ముంజేయి విరిగితే ఆసుపత్రికి 40 వేలు అయింది. ఈ బీమాల వల్ల ఒక్క రూపాయి రాలేదు. అన్నీ మానేస్తానని బ్యాంకుకు వెళితే, అప్పు ఉన్నంతకాలం తీసేయడం కుదరదని కౌంటరులో చెప్పారు. మే నెలలో ఖాతా ఖాళీగా ఉంచితే అవే ఆగిపోతాయని ఒక మిత్రుడు అంటున్నాడు. నాకు భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పెద్దమ్మాయి బరంపురంలో డిగ్రీ చదువుతోంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు అడిగిన ముఖ్యమైన మాటకు ముందుగా జవాబు చెబుతాను. ఈ మూడు పథకాలూ స్వచ్ఛందమైనవే. చేరడం ఎలా మీ ఇష్టమో, మానుకోవడం కూడా అలాగే మీ ఇష్టం. 436 రూపాయలు పోయేది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు, 20 రూపాయలు పోయేది ప్రధానమంత్రి సురక్షా బీమాకు. చేరిన రోజున మీరు సంతకం చేసిన కాగితంలో, ఏటేటా నా ఖాతాలోంచి ఈ సొమ్ము తీసుకోవచ్చునని ఒక అంగీకారం ఉంటుంది. ఆ అంగీకారాన్ని రాతపూర్వకంగా వెనక్కి తీసుకుంటే మరుసటి ఏడాది నుంచి కోత ఆగిపోవాలి. ముద్రా రుణానికీ ఈ బీమాలకూ ముడి లేదు. దుకాణంలోని సరుకుకూ యంత్రాలకూ బీమా చేయించాలన్న షరతు అప్పు పత్రంలో ఉండవచ్చు, అది ఉంటే పాటించవలసిందే. కానీ అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసే ఈ బీమా ఆ షరతు కిందికి రాదు. కౌంటరులో మీకు అడ్డు చెప్పినవారు ఈ రెండింటినీ కలిపి మాట్లాడి ఉండవచ్చు, లేదా శాఖకు ఇచ్చిన లక్ష్యాల ఒత్తిడి వల్ల అలా అని ఉండవచ్చు. కారణం ఏదైనా ఆ మాటకు నియమాల బలం లేదు.

అయితే మానేయవచ్చు అన్నంత మాత్రాన అన్నీ మానేయాలని కాదు. మీ ఖాతాల్లోంచి ఏడాదికి ఎంత పోతున్నదో ఒకసారి లెక్క చూడండి. అటల్ పింఛనుకు నెలకు 902 చొప్పున ఏడాదికి 10,824 రూపాయలు. రెండు ఖాతాల్లోని బీమాలన్నీ కలిపితే 912 రూపాయలు, అందులో సగం, అంటే 456 రూపాయలు, ఎందుకూ పనికిరాకుండా పోతున్నాయి. మీ కోపమంతా బీమాల మీద ఉంది గాని, మీ జేబు మీద అసలు బరువు పింఛనుది.

ముంజేయి విరిగినప్పుడు డబ్బు ఎందుకు రాలేదో చెబుతాను, ఎందుకంటే మీరు మానేయాలనుకోవడానికి మూలకారణం అదేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. జీవన్ జ్యోతి ప్రాణం పోతేనే డబ్బు ఇచ్చే బీమా. జబ్బు వల్లనైనా ప్రమాదం వల్లనైనా సభ్యుడు చనిపోతే నామినీకి 2 లక్షలు వస్తాయి, అంతకు మించి అందులో ఏమీ లేదు. సురక్షా బీమా ప్రమాదానికి సంబంధించినదే అయినా ఆసుపత్రి ఖర్చుకు సంబంధించినది కాదు. ప్రమాదంలో మరణించినా, రెండు కళ్లుగాని రెండు చేతులుగాని రెండు కాళ్లుగాని, లేదా ఒక కన్నూ ఒక చేయీ లేక కాలూ శాశ్వతంగా పనికిరాకుండా పోయినా 2 లక్షలు, ఒక కన్నుగాని ఒక చేయిగాని ఒక కాలుగాని తిరిగి బాగుపడని విధంగా పోతే లక్ష రూపాయలు ఇస్తారు. మీ ఎముక అతికింది, మీరు మళ్లీ పానా పట్టి పనిచేస్తున్నారు. కాబట్టి ఆ పథకం లెక్కలో మీకు నష్టం జరగనట్లే. ఇది వినడానికి కటువుగా ఉంటుంది. కాని ఏడాదికి 20 రూపాయలు తీసుకునే బీమా కట్టు కట్టించుకున్న ప్రతివారికీ డబ్బు ఇవ్వలేదు. చేర్పించేటప్పుడు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే మీకు జరిగిన అన్యాయం.

ఆసుపత్రి ఖర్చుకు మీకు కావలసిన ఆసరా వేరే చోట ఉంది. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి కేంద్ర ఆరోగ్య పథకమైన ఆయుష్మాన్ భారత్‌నూ రాష్ట్ర ఆరోగ్య పథకమైన గోపబంధు జన ఆరోగ్య యోజననూ కలిపి అమలు చేస్తున్నారు. ఆహార భద్రత రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల వరకు, ఆ కుటుంబంలోని మహిళలకు అదనంగా మరో 5 లక్షల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు నగదు చెల్లించనక్కర లేదు. ఇందుకు మీ ఖాతాలోంచి ఏమీ కోయరు. మీకు ఆ రేషన్ కార్డు ఉంటే, కుటుంబంలో ఒక్కొక్కరి పేరునా ఆయుష్మాన్ కార్డు తీసి ఉంచుకోండి. పర్లాకిమిడిలో ఉండేవారు పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళానికో విశాఖపట్నానికో వెళ్లడం మామూలే కనుక, ఈ పథకంలో నమోదైన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లో కూడా కార్డు చెల్లుతుందన్న సంగతి మీకు ముఖ్యం. బయలుదేరే ముందు ఆ ఆసుపత్రి, ఆ చికిత్స రెండూ జాబితాలో ఉన్నాయో లేదో మాత్రం అడిగి తెలుసుకోవాలి. ఆంధ్ర వైపు బంధువులకు అక్కడి కార్డు మీద దొరికే సౌకర్యాలు ఒడిశా కార్డు ఉన్న మీకు వర్తించవు. వారి మాట విని ఇక్కడ ఏదీ వదులుకోకండి.

ఇక వెంటనే వదిలించుకోవలసినది పాతపట్నం ఖాతాలోని బీమా జంట. ఒక మనిషికి ఎన్ని బ్యాంకుల్లో ఖాతాలు ఉన్నా ఈ పథకాల్లో ఒక్క ఖాతా నుంచే చేరాలన్నది నియమం. రెండు చోట్ల ప్రీమియం కట్టినంత మాత్రాన కుటుంబానికి 4 లక్షలు రావు. వచ్చేది 2 లక్షలే, రెండోసారి కట్టిన సొమ్ము జప్తు అయ్యే అవకాశం ఉంది. రెండు రాష్ట్రాల మధ్య పని వెతుక్కుంటూ తిరిగిన వారిలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒక బ్యాంకులో ఏమి కోశారో రెండో బ్యాంకు మనల్ని అడగదు. పాతపట్నంలో ఖాతా తెరిచినప్పుడు నామినీగా ఎవరి పేరు రాశారో గుర్తు చేసుకోండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో సాధారణంగా తల్లి పేరో తండ్రి పేరో ఉంటుంది, వారు గతించినా ఆ పేరు అలాగే ఉండిపోతుంది. మీ భార్య పేరు ఉన్న ఖాతాలోని బీమాను ఉంచుకోవడం మంచిది. ఇక్కడి ఖాతాలో కూడా ఆమె పేరు లేకపోతే ముందు అది మార్పించండి. ఈ ఏడాదికి రెండు చోట్లా ఇప్పటికే కోసి ఉంటే ఆ ప్రీమియం మీద మే 31 వరకు రక్షణ నడుస్తుంది. ఇక్కడి ఖాతాలోంచి పోయిన మే నెలలో కోత పడిందని పాస్‌బుక్‌లో చూసుకున్న తర్వాతే పాతపట్నంలో రద్దుకు రాసి ఇవ్వండి.

పర్లాకిమిడి ఖాతాలోని రెండు బీమాలను మానుకోవద్దనే నేను చెబుతాను. రెండూ కలిపి ఏడాదికి 456 రూపాయలు, అంటే నెలకు 38. సురక్షా బీమా గురించి ఆలోచించనక్కర లేదు. రోజంతా బండ్ల మధ్య ఉండి, బాగుచేసిన ప్రతి బండినీ రోడ్డు మీదకు తీసుకెళ్లి నడిపి చూసే మనిషికి 20 రూపాయల ప్రమాద బీమా వద్దనుకోవడానికి కారణం కనిపించదు. జీవన్ జ్యోతిలో మాత్రం ఒక విశేషం ఉంది. 18 ఏళ్ల కుర్రవాడికీ 49 ఏళ్ల మనిషికీ ప్రీమియం ఒక్కటే. 2022 జూన్‌కు ముందు 330గా ఉన్నది 436 అయింది గాని వయసును బట్టి మారే పద్ధతి లేదు. ప్రాణ బీమా వయసుతోపాటు ప్రియమయ్యే వస్తువు కనుక, ఇందులో నిజమైన లాభం నలభై దాటినవారికే ఉంది. ఆ వయసు వచ్చేవరకు ఏటేటా కట్టి, సరిగ్గా పనికివచ్చే కాలంలో విసుగుతో వదిలేయడం తెలివైన పని కాదు. 2 లక్షలు మీ కుటుంబానికి చాలవన్న మాట నిజమే. ముద్రా అప్పు బాకీ ఉంది, అమ్మాయి చదువు సగంలో ఉంది. ఇంకా పెద్ద బీమా తీసుకోగలిగితే తీసుకోండి, కాని అది చేతికి వచ్చేవరకు దీన్ని వదలకండి.

అయినా మానేయాలనే మీరు నిశ్చయించుకుంటే, తిరిగి రావడానికి దారి మూసుకుపోదు. జీవన్ జ్యోతిలో 50 ఏళ్లు నిండే లోపు ఎప్పుడైనా మళ్లీ చేరవచ్చు, అప్పటికే చేరి ఉన్నవారికి 55 వరకు రక్షణ కొనసాగుతుంది. సురక్షా బీమాలో 70 ఏళ్ల వరకు చేరవచ్చు. జీవన్ జ్యోతిలో తిరిగి చేరిన తర్వాత మొదటి 30 రోజుల్లో జబ్బు వల్ల మరణం సంభవిస్తే డబ్బు రాదు, ప్రమాద మరణానికి ఈ నిరీక్షణ లేదు. ఏడాది మధ్యలో చేరేవారికి ప్రీమియం కూడా తగ్గుతుంది: సెప్టెంబరు నుంచి నవంబరు లోపు 342, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు 228, మార్చి నుంచి మే లోపు 114 రూపాయలు. మానుకున్నప్పుడు అంతకుముందు కట్టినది తిరిగి రాదు. అది ఆ సంవత్సరాల రక్షణకు ఇచ్చిన ధర, పొదుపు కాదు.

అటల్ పింఛను సంగతి దీనికి పూర్తిగా వేరు. అందులోని డబ్బు మీదే, కాని తలుపు ఒక్కసారే తెరుచుకుంటుంది. ఆ పథకంలో చేరడానికి వయోపరిమితి 40 ఏళ్లు. మీకు 42. ఇవాళ బయటికి వస్తే మళ్లీ జీవితంలో చేరలేరు. 35 ఏళ్ల వయసులో 902 రూపాయల వాటాతో చేరారంటే, 60 ఏళ్లు వచ్చాక నెలకు 5,000 పింఛనుకు చేరారన్నమాట. మీకు వచ్చే ఆ పింఛను మీ తర్వాత మీ భార్యకు అంతే మొత్తంలో వస్తుంది, ఇద్దరూ గతించాక నామినీకి దాదాపు 8 లక్షల 50 వేలు అందుతుంది. 60 ఏళ్లకు ముందే మీ ఇష్టంతో మానుకుంటే, ఇప్పటివరకు మీరు కట్టినదీ దాని మీద వాస్తవంగా వచ్చిన రాబడీ నిర్వహణ రుసుములు పోగా మీ ఖాతాలో వేస్తారు. ఏడేళ్లుగా తప్పకుండా కట్టి ఉంటే మీరు వేసినదే 75 వేలు దాటుతుంది.

పద్దెనిమిదేళ్ల తర్వాత 5,000 రూపాయలకు ఇవాళ ఉన్న విలువ ఉండదన్న వాదన సబబే. అయినా నెల జీతం, భవిష్య నిధి ఏవీ లేని పనివారికి ముసలితనంలో నెలనెలా చేతికి వచ్చే సొమ్ము ఏదీ తక్కువ కాదు, దీనికి ప్రభుత్వ హామీ కూడా ఉంది. నెలకు 902 కట్టడం కష్టంగా ఉంటే పథకం వదలకుండానే పింఛను మొత్తాన్ని తగ్గించుకునే వీలుందన్న విషయాన్ని మీకు ఎవరూ చెప్పినట్లు లేదు. ఏడాదికి ఒకసారి ఈ మార్పు కోరవచ్చు. 35 ఏళ్ల వయసులో చేరినవారికి 3,000 పింఛనుకు వాటా 543, 2,000 పింఛనుకు 362 రూపాయలు. తగ్గించుకున్నప్పుడు అప్పటివరకు ఎక్కువగా కట్టిన సొమ్ము రాబడితో సహా తిరిగి ఇస్తారు. అంటే చేతికి కొంత డబ్బూ వస్తుంది, నెలవారీ బరువూ తగ్గుతుంది, తలుపూ మూసుకుపోదు. ఒక్క సందర్భంలో మాత్రం పూర్తిగా బయటికి రమ్మని నేనే చెబుతాను. విడిభాగాల కొనుగోలుకో ఇంటి అవసరానికో బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంటే, ఏడాదికి అది నూటికి 36 అవుతుంది. ఏ పింఛను నిధీ అంత రాబడి ఇవ్వదు. అలాంటి అప్పు తీర్చడానికి ఈ డబ్బు తీసుకుంటే అది నష్టం కాదు. అలాంటి అప్పు లేకపోతే మాత్రం తగ్గించుకోండి, మానుకోకండి.

ఖాతా ఖాళీగా ఉంచమన్న మీ మిత్రుడి సలహా జీవన్ జ్యోతి, సురక్షా బీమాల విషయంలో పైకి పనిచేసినట్లే కనిపిస్తుంది. నిల్వ లేకపోతే ప్రీమియం పడదు, రక్షణ ఆగిపోతుంది. కాని అది రద్దు కాదు. మీ అంగీకారం బ్యాంకు దగ్గర అలాగే ఉంటుంది. అటల్ పింఛను విషయంలో ఈ ఉపాయం ఎదురు తిరుగుతుంది. ఆలస్యమైన ప్రతి 100 రూపాయల వాటాకు నెలకు రూపాయి చొప్పున అదనం పడుతుంది, ఎప్పుడో ఒక గిరాకీదారు ఫోన్‌పేలో వేసిన డబ్బు ఖాతాలో చేరిన వెంటనే పాత బకాయి మొత్తం దానిలోంచి పోతుంది. పైగా ముద్రా వాయిదా కూడా అదే ఖాతాలోంచి వెళ్లేదైతే, ఖాతా ఖాళీ చేయడం వల్ల వాయిదా తప్పి, రేపు దుకాణం పెంచడానికి అప్పు అడిగినప్పుడు అదే అడ్డంకి అవుతుంది.

అందుకని మానుకోవలసిన వాటిని కాగితం మీదే మానుకోండి. పాతపట్నం శాఖ మేనేజరుకు ఇచ్చే దరఖాస్తు నాలుగు వాక్యాలకు మించనక్కర లేదు. "మీ శాఖలోని నా పొదుపు ఖాతా నుంచి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, ప్రధానమంత్రి సురక్షా బీమా పథకాలకు ఏటా ప్రీమియం తీసుకుంటున్నారు. నేను ఇవే పథకాల్లో మరొక బ్యాంకు ఖాతా ద్వారా కొనసాగుతున్నాను. కాబట్టి ఈ ఖాతా నుంచి ప్రీమియం తీసుకోవడానికి ఇచ్చిన అంగీకారాన్ని ఉపసంహరించుకుంటున్నాను. వచ్చే మే నెల నుంచి కోత పడకుండా నమోదు రద్దు చేసి, రద్దు చేసినట్లు నాకు తెలియజేయగలరు." దీని కింద ఖాతా సంఖ్య, తేదీ, సంతకం పెట్టండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద అందినట్లు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి వెనుకాడితే అదే దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపండి. నోటిమాటగా చెప్పి రావడం వల్ల ఉపయోగం లేదు. పర్లాకిమిడిలో పింఛను తగ్గించుకోవడానికి బ్యాంకు వారే ఒక ఫారం ఇస్తారు. ఒడియా చదవడం కష్టమైతే సంకోచించకండి. బీమా పథకాల ఫారాలు జన సురక్ష వెబ్‌సైటులో తెలుగులో కూడా ఉన్నాయి, అనుమానాలకు 1800-180-1111 అనే ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు.

ప్రీమియం కోత మే ఆఖరి వారంలో పడుతుంది కనుక దరఖాస్తు ఏప్రిల్‌లోనే ఇవ్వండి. మే 28న ఇచ్చి ఆగలేదని అంటే బ్యాంకును తప్పుపట్టలేము. సకాలంలో ఇచ్చినా కోత పడితే, ముద్ర ఉన్న ప్రతి జతచేసి బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తి కలిగించకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే విధానం చెబుతారు. అప్పు ఉంది కాబట్టి కుదరదన్న మాట మళ్లీ వినిపిస్తే వాదించకండి. ఆ మాటను మీ దరఖాస్తు మీదే రాసి సంతకం చేసి ఇమ్మని అడగండి. సాధారణంగా ఎవరూ రాసి ఇవ్వరు, పని మాత్రం అవుతుంది.

మరో సంగతి కూడా చూసుకోండి. మీరు రాసిన మూడు కోతలు కాక, ముద్రా రుణం మంజూరైన నెలలో ఏదైనా ప్రైవేటు బీమా సంస్థ పేరుతో వెయ్యో రెండు వేలో ఒక్కసారిగా పోయిందేమో పాస్‌బుక్‌లో వెతకండి. అప్పుతోపాటు అలాంటి పాలసీలు అంటగట్టడం చోట్ల చోట్ల జరుగుతోంది, వాటికి ఈ ప్రభుత్వ పథకాలతో ఏ సంబంధమూ లేదు. పాలసీ పత్రం చేతికి వచ్చిన 30 రోజుల లోపు వద్దని తిప్పి పంపితే కొద్దిపాటి ఖర్చులు మినహా డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ గడువు దాటిపోయినా పాలసీ పత్రం మీకు అసలు అందకపోయి ఉంటే, లేదా మీ సంతకం లేకుండా ఇచ్చి ఉంటే, ముందుగా ఆ బీమా సంస్థకే ఫిర్యాదు చేయండి. వారు స్పందించకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆ పాలసీ ఏదైనా కనిపిస్తే దాని పేరు, తేదీ, మొత్తం రాసి పంపండి, చూసి చెబుతాను.